నలభై బోర్డు

పదకొండు గంటలకు వస్తానని మాట ఇచ్చిన దాసన్న పదకొండు దాటినా రోడ్డుకు ఇవతలే వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఏప్రిల్ ఎండకు తారు మీద గాలి నీళ్ళలా వణుకుతోంది. ఆ వణుకులోంచి లారీలు చక్రాలు లేకుండా తేలుతూ వస్తాయి, దగ్గరపడేకొద్దీ చక్రాలు మొలుస్తాయి, ఒక్క ఊపున వేడిగాలి మొహాన కొట్టి వెళ్ళిపోతాయి. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాలుగు వరుసల రోడ్డుకు అవతల, యేసుప్రసాద్ ఇంటి ముందు వేసిన షామియానా కింద జనం చేరారు. మైకులో పాట మొదలైంది, అందులో ముక్కలు ముక్కలుగా మాత్రమే ఇటు వినిపిస్తోంది. రెజీనా చనిపోయి ఈ రోజుకు సంవత్సరం. యేసుప్రసాద్ ఆమె మొగుడు. ఆమెను గుద్దిన కారు నడిపినవాడు దాసన్న కొడుకు జయకుమార్. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా ఆ షామియానా కింద ఒక శాలువా దాసన్న కోసమే కాచుకుని ఉంది, ఎందుకంటే అతనికి ఎడమపక్కన, ఎర్రటి సున్నా మధ్యలో నల్లగా నలభై అని రాసిన బోర్డును ఏడాదిపాటు తిరిగి తిరిగి ఇక్కడ పెట్టించినవాడు కూడా అతనే.

రోడ్డు దాటడం రాక కాదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి, మనిషికి గానీ గొర్రెపిల్లకు గానీ గీత పడకుండా దిగిపోయిన మనిషి. దూరాన కనబడే బండి ఎంత వేగంతో వస్తోందో దాని ముక్కు ఊగే తీరు చూసి చెప్పగలడు. ఇప్పటికి మూడుసార్లు మంచి సందు దొరికింది. మూడుసార్లూ కాలు తారు మీద పెట్టి వెనక్కి తీసుకున్నాడు. ఒకసారి చెప్పులో రాయి దూరిందని వంగాడు, ఒకసారి కళ్ళజోడు జేబులో ఉందో లేదో తడుముకున్నాడు, మూడోసారి వంక వెతుక్కునే ఓపిక కూడా లేకపోయింది. భార్య ప్రేమమ్మ పొద్దున్నే అవతలికి పోయింది, ఆడవాళ్ళతో కలిసి ఉల్లిగడ్డలు తరగడానికి. పోతూ పోతూ గడప దగ్గర నిలబడి, "నువ్వు రాకుంటే బాగుండదు. వాళ్ళంతకు వాళ్ళే మనిషిని పంపి పిలిచినారు. మనమైతే పిలిచుందుమా?" అంది. మనమైతే పిలిచి ఉందుమా. ఆ మాట పొద్దుటి నుంచి చెవి దగ్గర ఈగలా తిరుగుతూనే ఉంది. పిలిచి ఉండేవాడు కాడు. తన కొడుకు పోయి, యేసుప్రసాద్ ఆ కారులో ఉండి ఉంటే, వాళ్ళ వాకిలి వైపు తల కూడా తిప్పి ఉండేవాడు కాడు.

కడప నుంచి కర్నూలు పోయే ఈ రోడ్డు ఒకప్పుడు ఊరిదే. దాసన్న బస్సు తెచ్చే కాలంలో ఇక్కడ రోడ్డు మీద జొన్నలు ఎండబోసేవాళ్ళు, బస్సు చక్రాల కింద కంకులు నలిగితే నూర్పిడి పని తగ్గుతుందని. ఎవరో ముసలామె చెయ్యి ఎత్తితే చాలు, బస్సు నిలబడేది. ఆమె ఎక్కేది కాదు, బద్వేలులో ఉన్న కూతురికి ఇమ్మని నిమ్మకాయలు మూటగట్టి డ్రైవర్ చేతిలో పెట్టేది. ఆ తర్వాత కొలతల గొలుసులతో మనుషులు వచ్చారు, గోడల మీద ఎర్ర రంగు గీతలు గీశారు, గీతకు ఇవతలున్న వంటిల్లు పోయి అవతలున్న పడసాల మిగిలినవాళ్ళు ఉన్నారు. రోడ్డు పూర్తయ్యేసరికి ఊరు రెండు ముక్కలైంది. బడి, రేషన్ అంగడి, బస్సు నిలబడే చోటు ఇటువైపు. చర్చి, బోరు, సమాధుల తోట అటువైపు. రోడ్డు కింద నుంచి దారి లేకపోలేదు, రెండు కిలోమీటర్ల అవతల ఉంది. నెత్తిన గడ్డిమోపు పెట్టుకున్న మనిషి ఎదురుగా కనబడే ఇంటికి నాలుగు కిలోమీటర్లు చుట్టి పోతుందా? రోడ్డు మధ్యగోడలో రెండు రాళ్ళు ఎవరు తీశారో తెలియదు, ఒక తెల్లవారికి తీసి ఉన్నాయి. అప్పటి నుంచి అదే దారి.

ఆ సందులోంచే వచ్చింది రెజీనా. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. పొద్దున ఎనిమిదిన్నర. రెండు ట్రేల గుడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, కొంగుతో కట్టి, రెండు చేతులా పట్టుకుని వస్తోంది. చేతులు ఖాళీగా ఉంటే పరుగెత్తేదేమో. గుడ్లు పట్టుకున్న మనిషి పరుగెత్తదు. దాసన్న ఆ చప్పుడు విన్నాడు, వాకిట్లో పళ్ళు తోముకుంటూ విన్నాడు. బ్రేకు చప్పుడు ముందు, ఆ తర్వాత ఇంకొకటి. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటుతో మనసులో అనుకున్నాడు, ఎవడో ఆలస్యంగా తొక్కినాడు అని. వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని పరుగెత్తాడు. ముందు కనబడింది కారు కాదు, పచ్చసొన, రోడ్డంతా పచ్చసొన, ఎండలో మెరుస్తూ. కారు గుర్తుపట్టడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్పలేడు. తనే డబ్బు కట్టి ఇప్పించిన తెల్ల కారు, వెనక అద్దం మీద 'యెహోవా నా కాపరి' అని తనే దగ్గరుండి రాయించిన కారు. దాని పక్కన కొడుకు, రాత్రంతా బండి నడిపి వచ్చినవాడేమీ కాదు, నిద్ర చాలినవాడు, తాగనివాడు, ఫోన్ చూడనివాడు, ఇంటికి అరకిలోమీటరు దూరంలో, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని రెజీనా తలను పట్టుకుని ఉన్నాడు. తండ్రిని చూడగానే అన్న మొదటి మాట, "నాయనా, నేను ఎనభై దాటలేదు."

దాటలేదు. అది నిజం. కారులో పెట్టిన, వేగం రాసుకునే మిషను కూడా అదే చెప్పింది, డెబ్బై ఎనిమిది. అప్పుడు ఇక్కడ ఉన్న బోర్డు మీద ఉన్నది ఎనభై. కొడుకుకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినవాడు దాసన్నే. బోర్డు చూసి తోలు, బోర్డు మీద ఎంత ఉంటే అంతకు లోపల తోలు, ఎవడూ నీ మీద చెయ్యి వెయ్యలేడు, అని చెప్పి చెప్పి నేర్పాడు. వాడు అలాగే తోలాడు. ఎనభైలో బ్రేకు మీద కాలు పడేలోపలే రెండు బస్సుల పొడుగు పోతుందని, ఆ తర్వాత ఇంకో మూడు బస్సుల పొడుగుకు గానీ బండి నిలబడదని, నలభైలో అయితే మొత్తం రెండు బస్సుల లోపలే తేలిపోతుందని కూడా చెప్పాడా? చెప్పే ఉంటాడు. చెప్పినట్టు గుర్తు లేదు. బోర్డు సంగతి మాత్రం బాగా గుర్తుంది. కోర్టు వాయిదాలు నడుస్తున్నాయి, లాయరు భయం లేదంటున్నాడు, వాడు మాత్రం కారు తాళం చెవి ఇంట్లో ఎక్కడుందో కూడా అడగడం మానేశాడు. నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ పనికి నడిచి పోతాడు, నడిచి వస్తాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఈ రోజు కూడా అలాగే పడుకుని ఉన్నాడు. దాసన్న చొక్కా వేసుకుంటుంటే గోడతోనే అన్నట్టుగా అడిగాడు, "పోతాండావా నాయనా?" తండ్రి చివరి గుండీ పెట్టుకుని బయటికి వచ్చాడు.

మైకులో పాట ఆగింది. ఎవరో ప్రార్థన చేస్తున్నారు, మాటలు తెలియడం లేదు, గొంతు ఎక్కుతూ దిగుతూ ఉంది. సిమెంటు ట్యాంకరు ఒకటి వచ్చింది, బోర్డు పక్కనుంచే పోయింది. డ్రైవర్ బోర్డు చూశాడు, దాసన్న అతని కళ్ళు చూశాడు, బోర్డు మీద పడి జారిపోయిన కళ్ళు. తానూ అలాగే చూసేవాడా బోర్డులను? హైవే ఆఫీసులో ఇంజినీరు రామకృష్ణ మంచివాడే, బోర్డు కోసం పోతే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు. "పెద్దాయనా, బండి నిలబడకూడదనే ఈ రోడ్డు వేసినారు. మీరేమో నిలబెట్టమంటాండారు," అన్నాడు. "నిలబెట్టమనడంలేదు సార్, మెల్లగా పొమ్మంటాండాం," అన్నాడు దాసన్న. "ఇదిగో, మా ఊరి బిడ్డ పోయింది." మా ఊరి బిడ్డ. ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట. సోమవారం తర్వాత సోమవారం ఆ ఆఫీసుకూ ఈ ఆఫీసుకూ తిరిగాడు, మిట్ట మధ్యాహ్నాలు బస్టాండులో అరటిపండ్లు తిని నీళ్ళు తాగాడు, చెప్పులు రెండు జతలు అరిగాయి. చివరికి ఆ ఇంజినీరే, పాపం, ఫైలు చేతబట్టుకుని పైవాళ్ళ దగ్గరికి పోయాడు. "బోర్డు మార్పిస్తా గానీ పెద్దాయనా, తొక్కే కాలు నా చేతుల్లో లేదు," అన్నాడు. ఊళ్ళో అందరూ అనుకున్నారు, దాసన్న ఎంత మనిషి, కొడుకు చేసినదానికి తండ్రి తిరుగుతున్నాడు, రెజీనా ఆత్మ కోసం తిరుగుతున్నాడు అని. పాస్టరయ్య ఆ మాట చర్చిలోనే అన్నాడు. దాసన్న తల వంచుకుని విన్నాడు, కాదని లేవలేదు.

అర్జీ రాసింది తనే. 'గత ఏప్రిల్ నెలలో ఒక కారు ఢీకొని మా గ్రామ నివాసి మరణించినది.' ఒక కారు. పెన్ను అక్కడ ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. ఒక కారు అని రాస్తే ఎవరిదో తెలియదు, కారే వచ్చి గుద్దినట్టు, కారును బోర్డు పంపినట్టు. తనకు కావలసింది అదే కదా. ఈ చోట ఎనభై ఉండడం తప్పని ప్రభుత్వమే ఒప్పుకుని కాగితం ఇస్తే, ముద్ర వేసి ఇస్తే, ఆ కాగితం తెచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నవాడి ముందు పెట్టి, చూడరా, తప్పు నీది కాదు, బోర్డుది, అని చెప్పాలని. అందుకే తిరిగాడు. రెజీనా గుర్తుకు రాలేదని కాదు. పెదనాయనా అని పిలిచేది, చర్చిలో పాట ఎత్తుకునేటప్పుడు కళ్ళు మూసుకునేది, చిన్నప్పుడు తన బస్సులోనే హైస్కూలుకు పోయేది. గుర్తుకు వచ్చేది, వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకు జరిపి కొడుకు మొహాన్ని పెట్టుకునేవాడు. అర్జీ కింద మొదటి సంతకం యేసుప్రసాద్‌ది. కాగితం వాకిట్లోకి తీసుకుపోతే చదివాడు, ఆ వరుస దగ్గర కళ్ళు ఆగినట్టే అనిపించింది, పెన్ను అడిగి సంతకం పెట్టాడు.

బోర్డు వచ్చి ఇరవై రోజులైంది. ఆ సాయంత్రం దాసన్న కొడుకును బలవంతంగా లేపి ఇక్కడికి తీసుకొచ్చాడు. కొత్త రేకు, కొత్త రంగు వాసన. జయకుమార్ దాన్ని చాలాసేపు చూశాడు, చెయ్యి ఎత్తి అంకె మీద వేలు పెట్టి నాలుగునూ సున్నానూ దిద్దాడు. "ఇది అప్పుడే ఉండింటే నలభైలోనే పోయుందును నాయనా. నీ మాట ఎప్పుడన్నా దాటినానా?" అన్నాడు. ఇదే వినాలనుకున్నాడు దాసన్న, ఏడాదిగా ఈ మాట కోసమే తిరిగాడు. విన్నాక గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. మాట దాటనివాడే మనిషిని చంపాడు, మాట చెప్పింది నేను, అని మాత్రం తోచింది. ఇద్దరూ ఈ వేపచెట్టు కిందే నిలబడి చూశారు. కార్లు, లారీలు, ప్రైవేటు బస్సులు, ఒకటి తర్వాత ఒకటి. కొంతసేపటికి జయకుమార్ చిన్నపిల్లవాడిలా తండ్రి మొహంలోకి చూసి, "ఎవురూ తగ్గించడంలే నాయనా," అన్నాడు. ఒక్క బండీ తగ్గించలేదు. ఈ లోకంలో బోర్డు చూసి తోలేవాడు తన కొడుకొక్కడేనని, వాడు ఇక తోలడని, దాసన్నకు అప్పుడు అర్థమైంది.

మైకులో తన పేరు వినబడింది. "దాసన్నగారు... ముందుకు రావాలని..." మధ్యలో బస్సు పోయింది. మళ్ళీ పిలిచారు. షామియానా కింద తలలు వెనక్కి తిరగడం ఇక్కడికి కనిపిస్తోంది. వేపచెట్టు మాను వెనక్కి జరిగాడు, అరవై నాలుగేళ్ళ మనిషి, దాగుడుమూతలాడే పిల్లవాడిలా. కాసేపటికి యేసుప్రసాద్ బయటికి వచ్చాడు. భుజం మీద మడిచిన శాలువా. రోడ్డు అంచున నిలబడి అటూ ఇటూ చూసి సగం దాటాడు, మధ్యగోడ సందులో నిలబడ్డాడు, మళ్ళీ ఇటు చూసి నాలుగు అంగల్లో వచ్చేశాడు.

"ఏం మామా, ఈడ్నే నిలబడిపోతివే? అయ్యగారు మూడుసార్లు పిలిచినాడు."

"రాలేకపోతాండా ప్రసాదూ."

"బండ్లు శానా ఉండాయా?"

"బండ్ల కోసరం కాదు."

యేసుప్రసాద్ శాలువా విప్పి భుజాల మీద వేయబోయాడు. దాసన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఏడాదిగా నోట్లో నానుతున్న మాట, ఎండకో దేనికో, ఊడి బయటపడింది. "వద్దురా. నేను తిరిగింది నీ పెండ్లాం కోసరం కాదు. నా కొడుకు కోసరం. తప్పు బోర్డుదని ఎవురైనా రాసిస్తే వాడు కడుపుకు అన్నం తింటాడని తిరిగినా. అర్జీలో గూడా ఒక కారు అని రాస్తి. వాని పేరు రాయలే, నా పేరు రాయలే."

యేసుప్రసాద్ శాలువాను చేతిలోనే ఉంచుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని గడ్డంలో తెల్ల వెంట్రుకలు కనిపించాయి, పోయిన ఏడాది లేవు. "చూసినా మామా," అన్నాడు. "చూసే సంతకం పెట్టినా. పోయినామెకు బోర్డెందుకు? నేను గూడా రెజీనా కోసరం పెట్టలే. మాయమ్మ కోసరం పెట్టినా. దినామూ గొర్రెల్ను తోలుకోని ఈడ దాటాల. చెవులు రెండూ పోయినాయి ఆమెకు, హారన్ కొట్టినా తెలీదు. రెజీనా ఉన్నెప్పుడు ఆమె దాటించేది. ఇప్పుడు దినామూ పని ఇడిసిపెట్టి నేను వచ్చి చెయ్యి పట్టుకోని దాటిస్తాండా."

ఒకడు కొడుకు కోసం, ఒకడు తల్లి కోసం. అయితే రెజీనా కోసం ఎవరు తిరిగారు? ఎవరూ తిరగలేదు. ఆ ఆలోచన వచ్చి నిలబడింది, పక్కకు జరిపి పెట్టడానికి ఈసారి చోటు దొరకలేదు.

"వాడెట్లుండాడు?" అని అడిగాడు యేసుప్రసాద్.

"ఉండాడు."

"ఒకసారి రమ్మను మామా. నేనేమీ అనను." కొంచెం ఆగి, "అనననే అనుకుంటాండా," అన్నాడు.

అంతలోనే యేసుప్రసాద్ గొంతు మారిపోయింది. "అమ్మా!"

మధ్యగోడ సందులో అతని తల్లి ఏసుమణి నిలబడి ఉంది. అటువైపు సగం ఎప్పుడు దాటిందో ఎవరూ చూడలేదు. చంకన స్టీలు క్యారియరు. ప్రార్థన కూడికకు రాని మనిషికి అన్నం తెస్తోంది. ఇటు వరుసలో నాపరాళ్ళ లారీ వస్తోంది, దాని ఎడమపక్కనుంచి దాన్ని దాటుకోవాలని కారు. ఇద్దరూ ఒక్కసారే చేతులు రెండూ పైకెత్తారు, రావద్దని, నిలబడమని. ఆ ఎండలో కళ్ళు చికిలించి చూసిన ఏసుమణికి కొడుకూ దాసన్నా చేతులెత్తి పిలుస్తున్నట్టు కనబడింది. నవ్వింది. కాలు కింద పెట్టింది.

దాసన్న ఏమీ ఆలోచించలేదు. రోడ్డు మీదికి ఎలా వచ్చాడో తెలియదు, పక్కన యేసుప్రసాద్ ఉన్నాడని తెలుసు, అతను శాలువాను గాలిలో ఊపుతున్నాడు. లారీ ముక్కు కిందికి వంగింది, టైర్లు కీచుమన్నాయి, వెనక నాపరాళ్ళు ఒకదాని మీద ఒకటి జరిగి పెద్ద చప్పుడైంది, కాలిన రబ్బరు వాసన, కారు పక్కకు కొట్టుకుని బోర్డు స్తంభానికి జానెడు దూరంలో నిలబడింది. లారీ బంపరు దాసన్న ఛాతీకి చెయ్యి చాపితే తగిలేటంత దూరంలో వణుకుతోంది. పైనుంచి డ్రైవర్ అరిచాడు, "సావాలంటే ఇంకో బండి సూసుకోండిరా!" అతని పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తనకంటే చిన్నవాడు, జయకుమార్ వయసువాడు.

ఏసుమణి నడుస్తూనే ఉంది, పరుగెత్తకుండా, తన దొడ్లో నడిచినట్టు. నిలబడిపోయిన లారీని ఒకసారి, కారును ఒకసారి చూసుకుంటూ వచ్చి, ఇవతల గట్టెక్కి క్యారియరు కింద పెట్టింది. దాసన్న గట్టు మీదికి వచ్చి బోర్డు స్తంభాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆమె కొడుకు చేతిలోంచి శాలువా తీసుకుని, దుమ్ము దులిపి, దాసన్న భుజాల మీద కప్పి, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అంది.

"సూసినావా తమ్ముడూ, ఎట్ల నిలబడినాయో బండ్లు! ముసిలిదాన్ని సూసి నిలబడినాయి. శానా మంచి బోర్డు పెట్టించినావప్పా."

యేసుప్రసాద్ ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "బోర్డు కాదమ్మా! మేమే..." లారీ గేరు మార్చుకుని కదిలింది, దాని వెనక ఆగిన బండ్లన్నీ హారన్లు కొడుతూ కదిలాయి. అతను మళ్ళీ అరిచాడు. ఏసుమణి కొడుకు మొహాన్ని చూసి, అర్థమైందన్నట్టు తల ఊపి, చెంప నిమిరింది.

"నువ్వేం బాధపడొద్దులేరా. పని ఇడిసిపెట్టి రావాల్సిన పనిల్యా ఇంక. రేపట్నుంచి నేనే దాటుకుంటా."